టీడీఎస్ అంకె చూసి నీటిని నమ్మవచ్చునా?



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో బోరునీటిపై ఆధారపడిన చాలా ఇళ్ళలో ఇప్పుడు కలం వంటి ఒక చిన్న పరికరం కనిపిస్తోంది. నీళ్ళలో ముంచగానే అది ఒక అంకె చూపుతుంది. అంకె 500 లోపు ఉంటే నీళ్ళు మంచివని, దాటితే చెడ్డవని చాలామంది తీర్మానిస్తున్నారు. ఆ తీర్మానం సరికాదనీ, ఈ ప్రాంతపు నీటికీ మట్టికీ అంతకన్న లోతైన పరీక్షలు జరగవలసి ఉన్నదనీ చెప్పడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

ఆ పరికరం కొలిచేది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. నీటిలో కరిగిన లవణాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. దానిని బట్టి మొత్తం లవణాల పరిమాణాన్ని అది అంచనా వేస్తుంది. మన జాతీయ ప్రమాణాలలో లీటరుకు 500 మిల్లీగ్రాములు అన్న హద్దు ఆ మొత్తానికి సంబంధించినదే. బెంజీన్, టోలీన్ వంటి ద్రావకాలు, అనేక పురుగుమందులు విద్యుదావేశం లేనివి. అవి నీటిలో ఉన్నా ఆ అంకె కదలదు. సూక్ష్మజీవులున్నా కదలదు. ఉష్ణమాపకం 98.6 చూపినంత మాత్రాన రోగికి మధుమేహం లేదనీ, రక్తపుపోటు లేదనీ ఏ వైద్యుడూ చెప్పడు కదా!

ఈ మాట ఏ ఊరికైనా వర్తిస్తుంది. అయినా మేడ్చల్, శామీర్‌పేటల పేరెత్తడానికి కారణం ఉంది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఈ నేలలో నేడు పారిశ్రామికవాడలు, ఔషధ, టీకాల సంస్థలు గల జీనోమ్ వ్యాలీ, కొత్త కాలనీలు, మిగిలిన పొలాలు పక్కపక్కనే ఉన్నాయి. కొద్ది దూరంలో జవహర్‌నగర్‌లో హైదరాబాదు మహానగరపు చెత్త ఏళ్ళ తరబడి గుట్టలుగా పేరుకుంది. వానకు తడిసి కుళ్ళిన చెత్తనుండి కారే నల్లని ఊట చేరి మల్కారం చెరువు పాడయింది. తరువాత చెత్తగుట్టను మట్టితో కప్పడం, ఊటను శుద్ధిచేయడం, చెరువును బాగుచేయడం చేపట్టారు. అవి మంచి పనులే. కాని అంతకుముందే భూమిలోనికి ఇంకినది ఏమిటి, అది ఎంతదూరం పాకినది అన్నవి వేరే ప్రశ్నలు.

ఇక్కడ నేను ఏ ఒక్క సంస్థనూ వేలెత్తి చూపడం లేదు. పరీక్షించకుండా నింద వేయరాదు, పరీక్షించకుండా నిర్దోషి అనీ అనరాదు.

నీటి పరీక్షాలయాలలో సేంద్రియ కాలుష్యానికి చేసే సాధారణ పరీక్షలలో ముఖ్యమైనది రసాయనిక ప్రాణవాయు అవసరం, అంటే సీఓడీ. నీటిలోని పదార్థాలను ఆక్సీకరించడానికి ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. ఆ పదార్థాలు ఏవో చెప్పదు. ఇది రక్తపరీక్షలలో ఈ.ఎస్.ఆర్. వంటిది. ఈ.ఎస్.ఆర్. పెరిగితే శరీరంలో ఎక్కడో ఏదో తాపం ఉన్నదని గ్రహిస్తాం. అది క్షయయా, కీళ్ళవాతమా, మరొకటా అన్నది తేల్చడానికి ఇతర పరీక్షలు కావాలి. నీటి విషయంలో అటువంటి నిర్ధారణ పరీక్షలలో ఒకటి అయస్కాంత అనునాద వర్ణమాపనం. రసాయన శాస్త్రజ్ఞులు దానిని ఎన్.ఎం.ఆర్. అంటారు.

ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. తీయించుకున్న పాఠకులకు దీని మూలసూత్రం కొత్తది కాదు. ఉదజని పరమాణు కేంద్రకం ఒక అతిచిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. దానిని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలను ప్రసరింపజేస్తే, అది ఒక నిర్దిష్టమైన పౌనఃపున్యంలో బదులు పలుకుతుంది. చుట్టూ ఉన్న పరమాణువులను బట్టి ఆ పలుకు కొద్దిగా మారుతుంది. అందువలన ప్రతి పదార్థానికీ తనదైన శిఖరాల వరుస ఏర్పడుతుంది. శిఖరం వైశాల్యాన్ని బట్టి ఆ పదార్థం ఎంత ఉన్నదో కూడా లెక్కించవచ్చు. సాధారణ ఎం.ఆర్.ఐ. యంత్రపు బలం 1.5 టెస్లాలు ఉంటే, రసాయన పరిశోధనశాలలలో వాడే 400 మెగాహెర్ట్‌జ్ ఎన్.ఎం.ఆర్. యంత్రపు బలం 9.4 టెస్లాలు. ఈ పరీక్షలో అణుధార్మికత ఏమీ లేదు. ఈ దృగ్విషయాన్ని 1946లో కొలిచి చూపిన బ్లాక్, పర్సెల్‌లకు 1952లో నోబెల్ బహుమతి లభించింది.

ఉదజనితో పాటు మరికొన్ని మూలకాలను కూడా ఈ పద్ధతిలో పలికించవచ్చు. భాస్వరాన్ని చూస్తే మట్టిలో ఎరువుల భాస్వరం ఏ రూపాలలో నిలిచి ఉన్నదో తెలుస్తుంది. ఫ్లోరిన్‌ను చూస్తే ఆ మూలకం గల మందులు, పురుగుమందులు, ప్రకృతిలో సులభంగా విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు బయటపడతాయి. గట్టి మట్టిని కూడా ఒక ప్రత్యేకమైన కోణంలో సెకనుకు వేలసార్లు తిప్పుతూ పరీక్షించి, దానిలోని జీవాంశం ఎటువంటిదో తెలుసుకోవచ్చు. మట్టిలోని జీవాంశం అనేక పురుగుమందులను పట్టి ఉంచుతుంది గనుక ఇది రైతుకు సంబంధించిన విషయం. చెరువులలో పూడిక తీసిన మట్టిని పొలాలకు తోలడం మన పాత అలవాటు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ దానిని మరల ప్రోత్సహించింది. అలవాటు మేలైనదే. కాని పరిశ్రమల నడుమనున్న చెరువు మట్టిని తోలేముందు, ఆ చెరువు ఇన్నేళ్ళూ ఏమి మింగిందో తెలుసుకోవడం వివేకం.

తెలుసుకోకపోతే ఏమవుతుందో మన పడమటి పొరుగైన పటాన్‌చెరు నేర్పింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి ఉమ్మడి శుద్ధికేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవనాశకం లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించారు. ఆ మందు 500 మిల్లీగ్రాముల మాత్ర మ్రింగిన రోగి రక్తంలో లీటరుకు సుమారు 2 నుండి 3 మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే శుద్ధిచేసిన నీటిలో రోగి రక్తంలో కంటె పదిరెట్లు మందు ఉన్నది! 2009లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఆ పరిసరాల చెరువులలో, గ్రామాల బావులలో కూడా ఔషధాలు కనిపించాయి. అటువంటి నీటిలో బ్రతకనేర్చిన సూక్ష్మజీవులు మందులకు లొంగవు. అవి ఊరి పొలిమేరలలో ఆగవు.

ఆ అధ్యయనాలు ఎన్.ఎం.ఆర్.తో జరిగినవి కావు. ద్రవ్యరాశి వర్ణమాపనం అనే పద్ధతితో, ముందుగా ఎంచుకున్న ఔషధాల కోసం వెదికారు. ఆ పద్ధతి చాలా సునిశితమైనది. కాని జాబితా పట్టుకుని వెదికినప్పుడు జాబితాలో ఉన్నవే దొరుకుతాయి. ఎన్.ఎం.ఆర్.కు జాబితాతో పనిలేదు. తగిన పరిమాణంలో ఉన్న సేంద్రియ పదార్థాలన్నిటినీ అది ఒకే చిత్రంలో చూపుతుంది. అనుకోనిదాన్ని కనిపెట్టడంలో దాని విలువ అదే.

దాని పరిమితులు కూడా చెప్పడం నా బాధ్యత. లీటరుకు మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉన్నవాటిని అది సులువుగా చూస్తుంది. మైక్రోగ్రాములలో ఉన్నవాటికి ద్రవ్యరాశి వర్ణమాపనమే కావాలి. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే గనుక, ఎన్.ఎం.ఆర్.లో కనబడలేదని ఆ నీటిని నిర్దోషమని ప్రకటించరాదు. సీసం, ఆర్సెనిక్ వంటి వాటికి వేరే పరికరాలున్నాయి. సూక్ష్మజీవులకు సూక్ష్మజీవ పరీక్షే. మంచి వైద్యుడు ఒక్క పరీక్షతో రోగిని పంపివేయనట్లే, నీటికి కూడా ఈ పరీక్షలు ఒకదాని వెంట ఒకటి జరగాలి.

ఇంత ఖరీదైన యంత్రాలు మనకెక్కడివి అని మీరు అడగవచ్చు. అవి మన నగరంలోనే ఉన్నాయి. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను, గోపన్‌పల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కేంద్రంలోను ఎన్.ఎం.ఆర్. విభాగాలున్నాయి. ఔషధాల నిర్మాణాన్ని నిర్ధారించడానికి ఔషధ పరిశోధకులు దీనిని నిత్యమూ వాడతారు. మందు ఏదో తేల్చే అయస్కాంతాన్ని, మందుల తయారీలో మిగిలిన వ్యర్థాలు చేరే అవకాశమున్న నీటివైపు త్రిప్పమని అడగడం అత్యాశ కాదు. ప్రతి ఇంటి నీటినీ పరీక్షించనక్కరలేదు. చెత్తగుట్టకు, పారిశ్రామికవాడలకు ఎగువన, దిగువన కొన్ని బావులను, చెరువులను ఎంచుకుని, వానకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్షించి, ఫలితాలను పంచాయతీ, పురపాలక కార్యాలయాల గోడలపై తెలుగులో ప్రకటిస్తే చాలు. ఈ పని ప్రభుత్వం చేయాలి.

అంతవరకు మీరు చేయగలవి కొన్ని ఉన్నాయి. చెత్తగుట్ట, పరిశ్రమల సమీపంలోని బోరునీటిని త్రాగడానికి, వంటకు వాడకండి. సరఫరా అయ్యే మంచినీటినే వాడండి. కాచిన నీటిలో సూక్ష్మజీవులు చస్తాయి గాని లవణాలు, లోహాలు పోవు. ఆర్.ఓ. యంత్రం లవణాలను బాగా తగ్గిస్తుంది. కాని కొన్ని చిన్న సేంద్రియ అణువులు దానిని దాటిపోగలవు. వాటిని పట్టే బొగ్గు వడపోత గొట్టాన్ని గడువు ప్రకారం మార్చాలి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో పసిపిల్లలకు పాలపొడి కలపకండి. శిశువు రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోయి, శరీరం నీలిరంగుకు తిరిగే ప్రమాదం ఉంది. నీటి రంగు, వాసన, రుచి మారితే తేదీతో సహా వ్రాసి ఉంచండి. పరీక్షకు పంపేటప్పుడు శుభ్రమైన గాజుసీసాను గాలి మిగలకుండా నింపి, చల్లగా ఉంచి, అదేరోజు చేర్చండి.

మీ గ్రామసభలో, వార్డు సమావేశంలో ఒక ప్రశ్న అడగండి: మా నీటిలో ఏమేమి ఉన్నాయి? సమాధానంగా ఒక్క అంకె చెబితే ఒప్పుకోకండి. పదార్థాల పేర్లు అడగండి.