షాక్ కొట్టని కరెంటు

'ఆపరేషనుకు రక్తం సిద్ధం చేసుకోండి.' తిరుపతి రుయాలోనో, స్విమ్స్‌లోనో ఈ మాట చెవిన పడగానే ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది. కోత పెట్టాక రక్తం ఆగకపోతే ఎలా? ఒకప్పుడు ఆ బెంగ సర్జన్లకూ ఉండేది.

రక్తం ఆపడానికి సుశ్రుతుడు నాలుగు మార్గాలు చెప్పాడు. వాటిలో ఒకటి దహనం. అంటే కాల్చడం. ఇవాళ ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లు 'కాటరీ' అని పిలిచే పరికరం చేసేదీ అదే. కాకపోతే కాల్చిన కడ్డీ బదులు కరెంటు!

దీనికి పేరొచ్చింది 1926 అక్టోబరు 1న, అమెరికాలోని బోస్టన్‌లో. మెదడు ఆపరేషన్లలో దిట్ట హార్వే కుషింగ్ ఓ రోగి తలమీది కంతిని తీయబోయి, నెత్తురు ఆగక మధ్యలోనే ఆపేశారు. కొద్దిరోజులకు విలియం బోవీ తయారుచేసిన యంత్రం తెప్పించి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కంతి బయటికొచ్చింది. ఆ తర్వాత, తనవల్ల కాదని వదిలేసిన రోగులనూ ఆయన వెనక్కి పిలిపించారు.

మరి ఒంట్లోకి కరెంటు పంపితే షాక్ కొట్టదా? కొట్టదు. మన ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకి నరాలు, కండరాలు జిల్లుమంటాయి. కాటరీలో అది సెకనుకు కొన్ని లక్షలసార్లు. అంటే ఇంచుమించు రేడియో తరంగాలు ఊగినంత జోరు. నరాలు దాన్ని అందుకోలేవు. మిగిలేది వేడి మాత్రమే. 60 డిగ్రీలు దాటితే కోడిగుడ్డు తెల్లసొన గట్టిపడినట్టు, తెగిన చిన్న రక్తనాళం చివర ముడుచుకుని మూసుకుపోతుంది. కొత్తరకం పరికరాలైతే 7 మిల్లీమీటర్ల నాళాన్నీ నొక్కిపట్టి అతికించేస్తాయి. అంతకన్నా పెద్దవాటికి దారంతో ముడి వేయడంలాంటి పద్ధతులు వాడాల్సిందే.

సన్నని మొన దగ్గర పుట్టిన వేడి ఒళ్లంతా పాకదు. తొడకో, పిరుదుకో అంటించిన వెడల్పాటి ప్యాడ్ ద్వారా కరెంటు తిరిగి యంత్రానికి చేరుతుంది. ప్యాడ్ సరిగా అంటుకోకపోతే అక్కడ చర్మం కాలే ప్రమాదముంది. అందుకే నర్సులు అక్కడ వెంట్రుకలు తీసి, తడి లేకుండా తుడుస్తారు. మెదడులాంటి సున్నితమైన చోట్ల పట్టకారులాంటి పరికరం వాడతారు. కరెంటు దాని రెండు మొనల మధ్యే తిరుగుతుంది.

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చినా, వేలూరు బస్సెక్కినా థియేటర్లో ఉండేది ఈ పరికరమే. కాబట్టి ఆపరేషనుకు ముందు కొన్ని సంగతులు దాచకూడదు. గుండెలో పేస్‌మేకర్ ఉంటే తప్పనిసరిగా చెప్పాలి. కాటరీ తరంగాలు దాన్ని తికమకపెట్టగలవు. కాలిలో రాడ్డు, మార్పిడి చేసిన మోకీలు ఉన్నా చెప్పాలి. ప్యాడ్ వేరే చోట వేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ చూపించాలి. అంతేగానీ సొంతంగా మానేయకూడదు.

నగల దగ్గరే చాలా ఇళ్లలో పేచీ. పుస్తెలు తీయాలంటే అమ్మకి మనసొప్పదు. ఒంటిమీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదముందని నెమ్మదిగా చెప్పాలి. పసుపుకొమ్ము కట్టిన దారం చాలని డాక్టరుని అడిగి ఒప్పిస్తే ఆమెకీ ధైర్యం.

ఇంత యంత్రం ఉన్నా, డాక్టరు అడిగిన రక్తం మాత్రం ముందే సిద్ధంగా ఉంచాలి. అక్కర లేకపోతే సంతోషమే. అది ఇంకొకరి ఆపరేషనుకు అక్కరకొస్తుంది.