స్తంభించిన యంత్రం – తొందరపాటు తీర్పు

గత కొంతకాలంగా మన ప్రాంతపు కళాశాలల్లో ఒక ఫిర్యాదు తరచుగా వినవస్తున్నది. "విండోస్ తీసివేసి లినక్స్ వేశారు, అప్పటినుండి కంప్యూటరు హ్యాంగ్ అవుతున్నది" అన్నది ఆ ఫిర్యాదు. దాని వెన్నంటే మూడు తీర్పులు వెలువడుతున్నవి. యంత్రం పాతబడినది, తుక్కుకు వేయండి అని కొందరంటారు. ఉచితంగా వచ్చినదానికి విలువ ఏముంటుందని మరికొందరు పెదవి విరుస్తారు. పట్నం నుండి మనిషిని పిలిపించి మళ్ళీ పాత విండోసే వేయించండి అని సలహా చెప్పేవారు అందరికంటె అధికం. విచారించవలసిన విషయమేమనగా, ఈ మూడు తీర్పులలో ఏ ఒక్కటీ సాక్ష్యం విన్న తరువాత ఇచ్చినది కాదు. యంత్రం ఎన్ని నిమిషాలు నడిచి ఆగినది, ఆ సమయంలో తెర మీద ఏమున్నది, ఏ దీపం వెలుగుతున్నది అని అడిగినవారు లేరు. ముందు దర్యాప్తు, తరువాత మరమ్మతు. ఆ దర్యాప్తు కూడ విద్యార్థుల చేతనే జరగవలెను అన్నది నా అభిప్రాయం. (దర్యాప్తు, మరమ్మతు అనే రెండు మాటలూ ఉర్దూ వాకిటి గుండా తెలుగు ఇంటికి వచ్చినవే. ఉభయ భాషల విద్యార్థులు చదివే సంచిక గనుక ఈ సంగతి గుర్తుచేయడం అసందర్భం కాదనుకుంటాను.)

అసలు ఈ మార్పు ఎందుకు వచ్చిపడినదో ముందు తెలుసుకొనవలసి ఉన్నది. విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టంకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ రక్షణ 2025 అక్టోబర్ 14తో ముగిసినది. పొడిగింపు ఏర్పాట్లు లేకపోలేదు గాని అవి కూడ గడువు గలవే. దాని తరువాతిదైన విండోస్ 11 వేయవలెనంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండవలెను; ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదవ తరం, అనగా 2017 తరువాతివి, మాత్రమే అర్హమైనవి. ఫలితమేమిటి? 2014లోనో 2015లోనో కొన్న యంత్రం, మీటలు సరిగా పనిచేస్తూ, తెర చక్కగా వెలుగుతూ ఉన్నప్పటికిని, కాగితం మీద మాత్రం వృద్ధాప్యపు పింఛనుకు అర్హమైపోయినది. నగరంలోని కళాశాలలు కొత్తవి కొనుక్కొనవచ్చును. కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దాపున ఉన్న కంగ్టి వంటి చోట ఆ మాట అంత సులభం కాదు. ఇక్కడ కంప్యూటరు గదికి తాళం పడితే, ఉపకారవేతనం కోసం ఈపాస్ దరఖాస్తు నింపవలసిన విద్యార్థి నారాయణఖేడ్ బస్సు ఎక్కవలెను, నెట్ సెంటరులో రుసుము చెల్లించవలెను, ఒక రోజు పాఠం పోగొట్టుకొనవలెను. విద్యార్థిని అయితే ఆ ప్రయాణానికి ఇంట్లో అనుమతి కూడ సంపాదించుకొనవలెను. కావున లినక్స్ వైపు చూడడం మనకు సరదా కాదు, అవసరం.

కంప్యూటరు స్తంభించిందంటే దానికి ఒకే దోషి ఉంటాడనే నమ్మకం మన వారిలో బలంగా ఉన్నది. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక విచిత్రాన్ని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. ఆపిల్ సంస్థ తయారుచేసిన ఐఫోన్లు, మ్యాక్ కంప్యూటర్లు ప్రపంచమంతటా ఒక్కసారిగా చిక్కులో పడినవి. కారణం మన తెలుగు అక్షరమే! 'జ్ఞా' అనే సంయుక్తాక్షరం, దాని నడుమ కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి, సందేశంలో వచ్చిన మాత్రాన దానిని తెర మీద చూపబోయిన అప్లికేషన్ కుప్పకూలేది. ఖరీదైన యంత్రాలు, కొత్త యంత్రాలు, ఏ లోపమూ లేని యంత్రాలు 'జ్ఞానం'లోని మొదటి అక్షరాన్ని మోయలేకపోయినవి. అదే నెల 19వ తేదీన విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆ దోషం తొలగినది. ఆ వారం రోజులలో ఎవరైనా తమ ఫోనును తుక్కువానికి అమ్మివేసి ఉంటే ఎంత నష్టపోయేవారో ఊహించుకొనవచ్చును. సాఫ్టువేరు చేసిన తప్పుకు యంత్రాన్ని, యంత్రం చేసిన తప్పుకు సాఫ్టువేరును శిక్షించడం ఈ రంగంలో నిత్యం జరిగేదే.

అయితే ఫిర్యాదు చేసేవారి మాటలో సత్యం లేదని నేననడం లేదు. ఆపరేటింగ్ సిస్టం మారిన తరువాతనే ఆగిపోవడం మొదలైన యంత్రాలు నిజంగానే ఉన్నవి. ఇంటెల్ వారి బే ట్రయిల్ కుటుంబానికి చెందిన సెలరాన్ జె1800, జె1900 వంటి ప్రాసెసర్లు 2013 తరువాత చౌక డెస్క్‌టాప్‌లలో విరివిగా వచ్చినవి. విండోస్ మీద కుదురుగా నడిచిన ఈ యంత్రాలలో అనేకం లినక్స్ మీద ఉన్నట్టుండి శిలవలె బిగుసుకొనిపోయేవి. పని లేనప్పుడు ప్రాసెసరు గాఢనిద్రలోకి జారుకొని విద్యుత్తును పొదుపు చేస్తుంది. ఆ నిద్ర నుండి లేవలేకపోవడమే జబ్బు. బూట్ సమయంలో నిద్ర లోతును పరిమితం చేసే ఒక చిన్న ఆదేశం (మ్యాక్స్ సీస్టేట్ అని దాని పేరు) చేర్చితే చాలావరకు నయమయ్యేది. కరెంటు కొంచెం ఎక్కువ ఖర్చగును, అంతే. 2017లో వచ్చిన తొలితరం రైజెన్ ప్రాసెసర్లకు కూడ ఇటువంటి ఫిర్యాదే ఉండేది. దానికి బయోస్‌లో ఒక అమరిక మార్చవలసి వచ్చినది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట, లినక్స్‌తో వచ్చే నూవో డ్రైవరుకు దానితో పొత్తు కుదరక తెర బిగుసుకొనిపోవడం మరొక రకం. ఇందులో ఏ ఒక్కదానికీ యంత్రాన్ని పారవేయవలసిన పని లేదు. కాని ఏది మన జబ్బో తెలియకుండా మందు వేయడం మాత్రం ప్రమాదమే.

దర్యాప్తు ఎట్లా చేయవలెను? యంత్రం ఆగిన వెంటనే పవర్ బటన్ మీదకు చేయి పోనీయరాదు. మొదట కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీట నొక్కి చూడవలెను. దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే యంత్రానికి ప్రాణమున్నది, తెర మాత్రమే మూర్ఛపోయినది అని అర్థం. అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే నల్లని తెర మీద అక్షరాలు ప్రత్యక్షం కావచ్చును. ప్రత్యక్షమైతే అనుమానం గ్రాఫిక్స్ మీదకు పోవలెను. దీపం స్పందించకపోతే దెబ్బ లోతైనది. తరువాత హార్డ్ డిస్క్ దీపం వంక చూడవలెను. అది విరామం లేకుండా మినుకుమినుకుమంటున్నదా? అయితే యంత్రం చావలేదు, ఊపిరాడక కొట్టుమిట్టాడుతున్నది. రెండు జీబీల ర్యామ్ ఉన్న యంత్రంలో బ్రౌజరు తెరిచి పది పుటలు ఒకేసారి పెట్టుకొంటే జరిగేది ఇదే. జ్ఞాపకశక్తి చాలక, ఉన్నదానిని డిస్కు మీదకు దించుతూ ఎక్కిస్తూ అలసిపోతుంది. దీనికి మందు లుబుంటు, జుబుంటు వంటి తేలికైన రూపాలు. అంతకంటె మంచి మందు మరొక ర్యామ్ ముక్క.

అయినను తప్పనిసరిగా ఆపవలసి వస్తే ఆల్ట్‌తో పాటు సిస్‌ఆర్‌క్యూ, అనగా ప్రింట్ స్క్రీన్ మీటను అదిమిపట్టి, ఎస్, యు, బి అక్షరాలను ఒకదాని తరువాత ఒకటి నిదానంగా నొక్కవలెను. రాసినది డిస్కుకు చేరి, డిస్కు భద్రమై, ఆ తరువాతనే యంత్రం తిరిగి మొదలవుతుంది. తీగ పీకివేయడం కంటె ఇది ఎంత నాగరికమైన పద్ధతో వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నింటికంటె విలువైన పరీక్ష పెన్ డ్రైవ్ పరీక్ష. లినక్స్‌ను డిస్కు మీద వేయకుండానే పెన్ డ్రైవ్ నుండి నడపవచ్చును. అట్లా రెండు గంటలు నడిపి చూచినప్పుడు యంత్రం ఆగకపోతే, హార్డ్ డిస్కునో, దాని మీద వేసిన విధానాన్నో అనుమానించవలెను. అక్కడ కూడ ఆగితే డిస్కు నిర్దోషి అనుకొనవచ్చును. ర్యామ్, గ్రాఫిక్స్, వేడి, విద్యుత్తు వీటి వైపు తిరగవలెను. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ అనే ఉచిత కార్యక్రమంతో రాత్రంతా పరీక్షించవచ్చును. అది ఏ ఆపరేటింగ్ సిస్టం మీదా ఆధారపడదు గనుక దాని సాక్ష్యం నిష్పాక్షికం. (రాత్రంతా కరెంటు ఉంటే, అని పాఠకులు నవ్వుకొనవచ్చును. యూపీఎస్ బ్యాటరీ సంగతి కమిటీ వారికి ఎరుకే.) ఖాళీగా ఉన్న ర్యామ్‌నంతటినీ లినక్స్ డిస్కు సమాచారం దాచుకొనడానికి వాడుకొంటుంది. అందుచేత ఇంతకుముందు అరుదుగా తాకిన చెడు భాగం ఇప్పుడు బయటపడవచ్చును. పాత ఇంటికి కొత్తగా అద్దెకు వచ్చినవాడు అన్ని గదులూ వాడితే మూలగదిలో కురిసే కప్పు తెలుస్తుంది. అద్దెకున్నవాడిని నిందించి ఏమి లాభం?

మూత విప్పి చూచిన వారు ఎందరు? మన వేసవి దుమ్ము ప్రాసెసరు మీది ఫ్యాను చుట్టూ కంబళివలె పేరుకొని ఉంటుంది. పట్టుమని పావుగంట నడిచి ఆగే యంత్రం విషయంలో మెత్తని బ్రష్షు, స్క్రూడ్రైవరు, ఆరిపోయిన థర్మల్ పేస్టుకు బదులు కొత్తది – ఈ మూడింటితోనే కథ ముగియవచ్చును.

పరీక్షలు ఎన్ని చేసినా ఒక నియమం తప్పరాదు. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. ర్యామ్ మార్చి, డ్రైవరు మార్చి, బయోస్ మార్చి, యంత్రం బాగుపడితే ఏది బాగుచేసినదో ఎవరికీ తెలియదు. మరునాడు పక్క యంత్రం ఆగితే మళ్ళీ మొదటికే రావలెను. ఇందుకొరకు ఒక పుస్తకం పెట్టవలెను. తేదీ, వేళ, యంత్రం సంఖ్య, ఏమి తెరిచి ఉన్నది, దీపాల స్థితి, చేసిన మార్పు, దాని ఫలితం. రసాయన శాస్త్ర ప్రయోగశాలలో రికార్డు రాయనిదే మార్కులు వేయని మనం, కంప్యూటరు గదిలో మాత్రం మంత్రగాడిని నమ్ముకొనడం వింతగానే ఉన్నది.

ఇక యంత్రం నడుస్తూనే పని స్తంభించే మరొక సందర్భం ఉన్నది. లినక్స్ మీద అసలైన అభ్యంతరం ఇదేనని నా నమ్మకం. మన వంటి సంచికల ఉర్దూ విభాగాన్ని ఇన్‌పేజ్‌లోను, తెలుగు విభాగాన్ని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోను కూర్చే అలవాటు డీటీపీ కేంద్రాలలో పాతుకొనిపోయినది. ఆ కేంద్రాలలో ఈ రెండూ విండోస్ మీద నడిచేవే. లినక్స్ వేసిన మరునాడు పాత సంచికల దస్త్రాలు తెరుచుకొనవు. ఎట్లాగో తెరిచినా నస్తాలీఖ్ ఉండవలసిన చోట అర్థంలేని గుర్తులు కనబడుతాయి. దీనిని కూడ జనం 'కంప్యూటరు పాడైనది' అనే అంటారు. ఇది పాడు కాదు, భాషకు సంబంధించిన పాత బాకీ. యూనికోడ్‌లో రాసిన ఉర్దూ, తెలుగు ఏ యంత్రం మీదనైనా చదవవచ్చును. పోతన, వేమన అనే తెలుగు యూనికోడ్ ఫాంట్లను తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు ఎన్నడో ఉచితంగా అందించినారు. నస్తాలీఖ్‌కు కూడ ఉచిత యూనికోడ్ ఫాంట్లు లభిస్తున్నవి. కావున పాత విండోస్ యంత్రం ఒక్కదానిని ఇంటర్నెట్ తీగ తగిలించకుండా పాత దస్త్రాల కోసం అట్టిపెట్టి, వచ్చే సంచిక నుండి రచనలన్నీ యూనికోడ్‌లోనే తీసుకొనవలెనని సంపాదకవర్గానికి నా మనవి.

బడులకు, కళాశాలలకు ఇటువంటి వ్యవస్థ పనికిరాదనే వాదం నిలువదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు అనేక సంవత్సరాలుగా లినక్స్ మీదనే బోధిస్తున్నవి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసినది. ఆ దారిన నడిచినవారికీ యంత్రాలు ఆగే ఉంటాయి; వారు కారణం వెదికి ఉంటారు.

కళాశాల కమిటీ వారిని నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. పాత కంప్యూటర్లను వేలానికి పెట్టే ముందు రెండింటిని విద్యార్థులకు అప్పగించండి. రెండు పెన్ డ్రైవులు, ఒక స్క్రూడ్రైవరు, ఒక బ్రష్షు, థర్మల్ పేస్టు గొట్టం ఒకటి, గీతలు కొట్టిన లావుపాటి రిజిస్టరు ఒకటి ఇప్పించండి. ఉర్దూ మాధ్యమం నుండి ఇద్దరు, తెలుగు మాధ్యమం నుండి ఇద్దరు, అందులో సగం మంది విద్యార్థినులు, వారానికి రెండు సాయంత్రాలు ఆ గదిలో కూర్చొననీయండి. రిజిస్టరులో ఎవరి లిపిలో వారు రాయవచ్చును. తేదీలు, అంకెలు మాత్రం ఒకే తీరుగా ఉండవలెను. ఒక టరము గడిచిన తరువాత ఆ రిజిస్టరును కమిటీ సమావేశంలో తెరిచి చూచి, అప్పుడు ఏ యంత్రాన్ని తుక్కుకు వేయవలెనో నిర్ణయించండి.