పిల్లల మాట చెల్లే బడి

ప్రతి తరగతికీ ఒక లీడరు ఉంటాడు. సుద్దముక్కలు తేవడం, అల్లరి చేసేవారి పేర్లు బోర్డు మీద రాయడం అతని పని. ఇది పెత్తనమే గాని నాయకత్వం కాదు.

ఇంగ్లండులోని సహకార పాఠశాలలు మరో దారి చూపాయి. 1844లో రోచ్‌డేల్ శ్రామికులు తమ సహకార దుకాణానికి ఒక నియమం పెట్టుకున్నారు: వాటాలెన్ని ఉన్నా మనిషికి ఒకే ఓటు. 2008లో స్టాక్‌పోర్ట్‌లోని రెడిష్ వేల్ పాఠశాల ఈ సహకార సూత్రాలపై ట్రస్టుగా ఏర్పడింది. ఇటువంటి ట్రస్టుల్లో విద్యార్థులు, తల్లిదండ్రులు, సిబ్బంది, స్థానికులు సభ్యులు కావచ్చు. తర్వాతి కొన్నేళ్లలో వందలాది పాఠశాలలు ఈ బాట పట్టాయి.

అయితే పట్టికలో పేరెక్కించడంతో పని తీరదు. అడిగి, ఆపై వారి మాటను పక్కన పడేస్తే పిల్లలు ఇట్టే పసిగడతారు. మరోసారి నోరు విప్పరు. భద్రత, బోధన బాధ్యత పెద్దలదే. కాని గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలి, భోజనంలో ఏం మార్చాలి, తోటివారిని వేధించేవారితో ఎలా వ్యవహరించాలి అన్న విషయాల్లో పిల్లల మాట చెల్లాలి. చెల్లనప్పుడు కారణం చెప్పాలి.

బడి ఎక్కడిదైనా, ఫీజులు, ఫలితాలతో పాటు తల్లిదండ్రులు ఇంకో ప్రశ్న అడగాలి: పిల్లలు చెప్పినందువల్ల నిరుడు ఇక్కడ ఏం మారింది?