పనేం లేదు, పోయొస్త

ఎవరెస్టు మీద నిలబడేనాటికి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన ఆ కూలీల బిడ్డ పేరు దేశమంతా మోగిపోయింది. ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో ఆమె ఏం చేసిందో మనలో చాలామంది పట్టించుకోలేదు. ఏడు ఖండాల్లో ఒక్కో ఖండానికి ఎత్తయిన శిఖరాన్ని ఎక్కాలని జాబితా పెట్టుకుంది. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్, 2019లో అకాంకాగ్వా, అదే ఏడాది కార్‌స్టెంజ్, ఏడాది చివర్లో అంటార్కిటికాలోని విన్సన్. ఇక ఒక్కటే మిగిలిందనగా కరోనా అడ్డం పడింది. 2022 జూన్ 5న అలాస్కాలో దెనాలి ఎక్కి దాన్నీ పూర్తి చేసింది.

ఏడు శిఖరాల జాబితా కూడా ఎవరో శాసనం రాసి పెట్టింది కాదు. 1985లో మొట్టమొదట దాన్ని పూర్తి చేసిన అమెరికా వ్యాపారి డిక్ బాస్ ఆస్ట్రేలియా కింద కాజియస్కో కొండను లెక్క వేసుకున్నాడు. రైన్‌హోల్డ్ మెస్నర్ అది చాలదన్నాడు, దాని బదులు న్యూగినీలోని కార్‌స్టెంజ్ ఉండాలన్నాడు. పూర్ణ ఎక్కింది మెస్నర్ లెక్క ప్రకారం. జాబితాలో ఏది ఉండాలో, ఏది పోవాలో కాళ్లరిగేలా నడిచేవాళ్లే తేల్చుకుంటారన్నమాట.

ఆ ఏడింటిలో లేని కొండ ఒకటుంది. నా మనసు దాని దగ్గరే ఆగుతుంది. భువనగిరి గుట్ట. ఊరి నడుమ అయిదు వందల అడుగుల ఎత్తున లేచిన ఒకే ఒక్క రాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలను అక్కడికి తీసుకొచ్చి, నడుముకు తాళ్లు కట్టి, రాయి ఎక్కడం నేర్పించారు. అప్పుడు గురుకులాల సొసైటీ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్. శిక్షణ ఇచ్చింది శేఖర్‌బాబు. అక్కడ నెగ్గినవాళ్లు డార్జిలింగ్ వెళ్లారు, లడఖ్ చలిలో ఉన్నారు. వాళ్లలోంచి పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ ఎవరెస్టు దాకా వెళ్లారు. పూర్ణ గుండె నిబ్బరం ఆమెదే, అందులో ఎవరికీ వాటా లేదు. కానీ ప్రభుత్వ బడిలో చదివే పిల్లను ఆ గుట్ట కిందకు చేర్చింది మాత్రం నలుగురి సొమ్ముతో నడిచే వ్యవస్థ. సొంత జాబితా అని మనం అనుకునేదాంట్లో ఊరి బాధ్యత ఎంతుందో చెప్పాలనే ఈ వారం ఈ మాటలు రాస్తున్నాను.

నేనుండేది ఇబ్రహీంపట్నంలో. యాభై దాటాక నేనూ ఒక నోటుబుక్కులో జాబితా రాసుకున్నాను. ఊరికే ఉండలేక, తెలిసిన ఆడవాళ్లను కూడా అడగడం మొదలుపెట్టాను. మీరు ఇంతవరకు చెయ్యనిది, చెయ్యాలని ఉన్నది ఏంటని. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ చెప్పారు. స్కూటీ నేర్చుకోవాలి. టెన్త్ పాస్ కావాలి. ఈత రావాలి. సినిమాకు ఒక్కదాన్నే పోవాలి. వార్డు మీటింగులో లేచి మాట్లాడాలి. ఇంత దగ్గరున్నా రామోజీ ఫిల్మ్ సిటీ చూడలేదు, చూడాలి. ఒకామె చాలాసేపు ఆలోచించి, ‘ఎవ్వలికి చెప్పకుంట ఒక్కరోజు ఎటన్న పోయి రావాలె’ అంది. ఎటు అంటే, ‘ఎటన్న’ అనే అంది.

ఆ ‘ఎటన్న’ నన్ను వదల్లేదు. మా ఆడవాళ్లు ఇల్లు కదలకుండా ఉన్నవాళ్లు కారు. కూరగాయలకు, రేషన్‌కు, ఆస్పత్రికి, పిల్లల ఫీజుకు, చావుకు, పెళ్లికి ఎప్పుడూ తిరుగుతూనే ఉంటారు. ప్రతి ప్రయాణానికీ ఒక పని ఉంటుంది, ఆ పని ఇంకొకరిది. గుడికి పోయినా ఎవరి పేరునో మొక్కు. పని లేకుండా, ఎవరికోసమూ కాకుండా గడప దాటడం వాళ్ల జాబితాల్లో అన్నిటికన్నా కష్టమైన అంశం. స్కూటీ, ఈత, టెన్త్ దాని తర్వాతే.

సాగర్ రోడ్డుకు అటూ ఇటూ మాకు ఇంజినీరింగ్ కాలేజీలు బోలెడు. ఆదివారం పొద్దున్నే వాటి దార్లు ఖాళీగా ఉంటాయి. ఈ మధ్య ఆ సమయంలో అటు వెళ్తే స్కూటీ నేర్చుకునే ఆడవాళ్లు కనిపిస్తున్నారు. ఒకావిడను చాలాసేపు నిలబడి చూశాను. నలభై అయిదు దాటి ఉంటుంది. కొంగు నడుముకు దోపుకుంది. వెనక సీటు కడ్డీ పట్టుకుని ఇంటరు చదివే కొడుకు పరిగెత్తుతున్నాడు. బండి కదలగానే ఆమె చూపు ముందు చక్రం మీదకు దిగిపోతుంది, బండి వంకర పోతుంది. ‘అమ్మా, టైరు దిక్కు కాదు, దూరం సూడు. గా కరెంటు స్తంభం సూడు’ అంటాడు పిల్లవాడు. ఆమె తల ఎత్తిన ప్రతిసారీ బండి తిన్నగా సాగింది. కాళ్లు మాత్రం నేలను ఒరుసుకుంటూనే ఉన్నాయి. ఒక మలుపు దగ్గర రెండు కాళ్లూ పైకి తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టింది. కొడుకు చెయ్యి వదిలేశాడు. ఆమెకు తెలియదు, స్తంభం దాటి పోయింది. తర్వాత మాట్లాడితే చెప్పింది, ‘మా అక్క యాచారంల ఉంటది. పనేం లేదు, మాట్లాడ బుద్ధయితే పోయొస్త.’

ఈ మాట వింటే ముఖం ముడుచుకునేవాళ్లు మన మధ్య తక్కువేం లేరు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఆనాటి నుంచి బస్టాండుల్లో, టీ కొట్ల దగ్గర ఒకటే మాట వింటున్నాను. ‘ఫ్రీ గదా అని పని లేకున్నా తిరుగుతుర్రు.’ అవును, తిరుగుతున్నారు. తిరగాలి కూడా. మగవాళ్లు ఊరికే అడ్డా మీదకు పోయి గంటలు కూర్చుంటే ఏం పని అని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లకు ఒక ఆడమనిషి కిటికీ పక్కన కూర్చుని ఊళ్లు చూసుకుంటూ పోతే అది ప్రజల సొమ్ము వృథా ఎలా అవుతుంది? ఆటోవాళ్ల గిరాకీ పడిపోయిందన్నది మాత్రం నిజమైన బాధ. దానికి ప్రభుత్వం వాళ్లతో కూర్చుని దారి చూపించాలి. ఆ దారి ఆడవాళ్లను మళ్లీ ఇంట్లో కూర్చోబెట్టేది కాకూడదు.

నా జాబితాలోని భువనగిరి గుట్టను నేను ఎక్కింది ఆ జీరో టికెట్ల మీదే. ఇక్కడి నుంచి ఎల్బీనగర్, అక్కడి నుంచి ఉప్పల్, అక్కడ భువనగిరి బస్సు. కింద కొంత దూరం మెట్లుంటాయి. పైకి పోయేకొద్దీ మెట్లు రాతిలో కలిసిపోయి నున్నటి బండ మిగులుతుంది. చెప్పులు జారతాయి. నా ముందు నలుగురు ఆడవాళ్లు చెప్పులు చేతిలో పట్టుకుని, వట్టి పాదాలతో రాతిని తడుముకుంటూ ఎక్కుతున్నారు. అందులో పెద్దావిడ రొప్పుతూ ఆగి నన్నడిగింది, ‘పైన ఏమున్నదక్కా?’ పాతకాలపు రాజుల కట్టడం, గాలి, చుట్టూ ఊళ్లు కనిపిస్తాయన్నాను. ‘పూజ గీజ ఏం చేసేది లేదు గదా?’ లేదన్నాను. ‘అయితే నింపాదిగ ఎక్కుదాం’ అని బండ మీద చతికిలబడి సంచిలోంచి మురుకులు తీసింది. నాకూ పెట్టింది. పైకి చేరేసరికి ఎండెక్కింది, అయినా ఆ నలుగురూ దిగే తొందరలో లేరు.

ఈత సంగతికి వస్తే, మన తెలుగు నేల మీదే గొప్ప సాక్ష్యం ఉంది. సామర్లకోటలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన గోలి శ్యామల నీళ్లంటే భయం ఉన్న మనిషి. నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. సుమారు 30 కిలోమీటర్ల సముద్రం. ఆమె కథ చెప్పినప్పుడల్లా మా ఊరి ఆడవాళ్ల కళ్లు మెరుస్తాయి. వెంటనే అడుగుతారు, మనకు ఎక్కడ నేర్పిస్తారని. మా పెద్ద చెరువు కుతుబ్‌షాహీల నాటిది, చూడముచ్చటైనది, కానీ ఈత నేర్చుకోవడానికి దిగే చోటు కాదు. లోతు తెలియని నీళ్లలో ఎన్ని ప్రాణాలు పోతున్నాయో పేపరు చదివే ప్రతివాళ్లకూ తెలుసు. కావలసింది నడుము లోతు కొలను, నేర్పడానికి ఒక ఆడ కోచ్, వారానికి కొన్ని గంటలు ఆడవాళ్లకే కేటాయించిన సమయం, అక్కడికి పోయే బస్సు. మున్సిపాలిటీ తలుచుకుంటే ఇదేమంత పెద్ద కోరిక కాదు. ఏదైనా కాలేజీతో మాట్లాడుకున్నా జరిగే పనే.

టెన్త్ రాయాలన్నవాళ్లకు దారి ఉంది, తెలియకనే ఆగిపోయారు. తెలంగాణ ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, ఇంత వయసు దాటకూడదన్న నియమం లేదు. అన్ని సబ్జెక్టులూ ఒక్క ఊపులో గట్టెక్కనక్కర్లేదు, విడతలుగా రాసుకోవచ్చు. ఆ పైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టింది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా, లెక్కల పేపరు గుర్తొస్తేనే చెమటలు పడతాయంటారు. ఆ భయానికి మందు వయసులో చిన్నవాళ్ల దగ్గరే ఉంది. స్కూటీ నేర్పిన కొడుకులాంటి పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. అమ్మకు గుణకారాలు, భిన్నాలు నేర్పడం వాళ్ల జాబితాలో చేరితే ఎంత బాగుంటుంది.

నేను ఉర్దూ అక్షరాలు దిద్దుతున్నాను. పక్కింటి ఆపా నేర్పుతోంది. ‘ఇప్పుడెందుకమ్మా నీకు’ అన్నారు కొందరు. మా ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా గద్దె ఎక్కకముందు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. 1550లో సుల్తానయ్యాక తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నారు, అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితమిచ్చాడు. అప్పుడాయన మన భాష నేర్చుకున్నాడు, ఇప్పుడు నేను ఆపా వాళ్ల భాష నేర్చుకుంటున్నాను. సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని కుడి నుంచి ఎడమకు రాయడం నా చేతికి అలవాటవుతోంది. సందులో బోర్డులు కూడబలుక్కుని చదువుతుంటే ఆపా చిన్నపిల్లలా చప్పట్లు కొడుతుంది.

కొత్త అనుభవాలను ఇప్పుడు ప్యాకేజీలుగా అమ్ముతున్నారు. తాడు మీద జారడానికి ఇంత, గుడారంలో పడుకోవడానికి ఇంత, ఫొటోలకు వేరే. కొనగలిగినవాళ్లు కొనుక్కోనీ, నాకు అభ్యంతరం లేదు. నా చింతల్లా ఒకటే. చెయ్యవలసినవి ఏవో బజారే చెప్పడం మొదలుపెడితే, హోటల్లో ఒంటరిగా కూర్చుని ఇడ్లీ తినాలన్న కోరిక ఎవరికీ చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేంత చిన్నదైపోతుంది. అది చిన్నది కాదు. మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లి కూర్చున్నప్పుడు సర్వర్ నీళ్ల గ్లాసు పెట్టి, ‘ఇంకెవరన్న వస్తరా మేడం?’ అన్నాడు. ఎవరూ రారన్నాను. అతను ఎదురు కుర్చీ తీసి పక్క బల్ల దగ్గర వేశాడు. ఆ ఖాళీ చోటు వైపు చూస్తూ తింటుంటే గొంతు దిగడం లేదు. చట్నీ మళ్లీ అడిగి వేయించుకునేసరికి కుదుటపడ్డాను. ఇప్పుడు నేను వెళ్తే ఆ ప్రశ్న రావడం లేదు. ఆ హోటల్లో ఒంటరిగా తినే ఆడవాళ్లు నేనొక్కదాన్నే కాదు మరి.

తర్వాతి వంతు రాచకొండది. రేచర్ల పద్మనాయకుల రాజధాని. 2016లో పోలీసు కమిషనరేట్‌కు ఆ పేరు పెట్టాక జీపుల మీద రోజూ చదివేవాళ్లం, కోట మాత్రం చూడలేదు. మంచాల మీదుగా పోవచ్చు. నాతో వస్తామన్నవాళ్లు పోగయ్యారు. బూట్లు ఎవరికి ఉన్నాయి, ఎవరు పులిహోర తెస్తారు అన్న మాటలు అయ్యాయి. ఆ తర్వాత గొంతు తగ్గించి అందరూ అడిగింది ఒక్కటే, అక్కడ బాత్రూం ఉందా అని. ఎక్కడికి బయల్దేరినా మావాళ్ల మొదటి ప్రశ్న ఇదే. పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టకుండా గుట్టలెక్కి, నాలుక పిడచకట్టి తిరిగొచ్చినవాళ్లను నేను చూశాను. చూడదగ్గ చోటని ప్రభుత్వం బోర్డు పెట్టిన ప్రతి కోట కింద, ప్రతి చెరువు కట్ట మీద, తలుపుకు గడియ, నల్లాలో నీళ్లు ఉన్న బాత్రూం ఒకటి కట్టించండి. ఊడ్చి కడిగే మనిషికి నెలనెలా జీతం ఇవ్వండి.