ఫాల్గుణంలో పూల బాట

వసంతం చైత్రంతో మొదలని పంచాంగం చెబుతుంది. మన చిక్కబళ్ళాపురం కొండలు అంతదాకా ఆగవు. మాఘం వెళ్ళేసరికే ఆకు రాల్చుకొని, ఫాల్గుణంలో ఒట్టి కొమ్మల మీద పూస్తవి. ఎండిన కొండలో చూసేదేముందని ఇంట్లో కూర్చున్నవారికి ఈ పూలు దక్కవు.

స్కందగిరి ఎక్కడానికి ఇప్పుడు ముందుగా అనుమతి చీటీ తీసుకోవాలి. దారి చూపే మనిషి వెంట వస్తాడు. వచ్చేవారిలో చాలామంది తెల్లవారుజామున మబ్బులు చూడడానికి వచ్చే బెంగుళూరు పిల్లలే. పూల కోసం వచ్చామని మేము చెప్పగానే మా పెద్దాయన ముఖం విప్పారింది. చిన్నతనంలో మేకలు కాచినవాడు గనుక చెట్టు చెట్టునూ ఎరుగును.

పాపాగ్ని మఠం దాటి కొంత దూరం పోగానే మోదుగ కనబడింది. కన్నడంలో ముత్తుగ. చిలకముక్కులా వంగిన నారింజరంగు పూలు. ఆకు లేదు గనుక దూరానికే కనబడతవి. తేనె కోసం గోరింకలూ తేనెపిట్టలూ వాలితేనే కాయ కడుతుంది. "ఇస్తరాకులు ఈ ఆకుతోనే కుట్టేవాళ్ళం సామీ, ఇప్పుడు మా ఇంట్లోనే కుట్టేవాళ్ళు లేరు" అన్నాడాయన.

పైన బండసందులో కొండగోగు, పచ్చని పెద్ద పూలతో. దీన్ని కన్నడంవారు అరిశిన బూరుగ అంటారు, అంటే పసుపు బూరుగ. ఇంకొంచెం పోతే ఆలెమర. అది ఇంకా పూతకు రాలేదు. చన్నపట్నం బొమ్మలు చేసే కర్ర ఇదే. మన ఆంధ్రదేశంలో ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర కూడా ఇదేనని చెబితే మా పిల్లలు ఆశ్చర్యపోయారు. చెట్టు ఒకటే, బొమ్మలు రెండు ఊళ్ళవి, పేర్లు రెండు భాషలవి.

అన్నీ మనవి కావు. నీలగిరి చెట్టు టిప్పుసుల్తాను కాలంలో, 1790 ప్రాంతంలో, పక్కనున్న నందికొండ తోటకు వచ్చిందంటారు. అది భూమిలోని నీరు తాగేస్తున్నదని కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నాటడం నిషేధించింది. అమెరికా ఖండం నుంచి తోటలకు అందంగా ఉంటుందని తెచ్చిన లాంటానా కంప ఇప్పుడు దారి పొడుగునా అల్లుకొని, నేల మీది చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వదు.

మాతో వచ్చిన ఒక అమ్మాయి ఫోనులో పూవు బొమ్మ తీస్తే లాటిను పేరు వచ్చింది. అది తప్పు కాదు. కాని ఆ పేరు చెప్పి ఇక్కడి మేకల కాపరిని అడిగితే చెట్టు చూపలేడు. ఆ కాపరి పిల్లలు పట్నం చేరినారు, మన పిల్లలు ఇంగ్లీషు బడిలో ఉన్నారు. ఇంకో ఇరవై ఏండ్లకు పూలు పూచినా పేరు పెట్టి పిలిచేవారు ఉండరేమోనని మా భయం.

కనుక ఈ ఫాల్గుణంలో బాగేపల్లి, చింతామణి వైపు ఉన్నవారు కూడా దగ్గరి కొండకు ఒక ఆదివారం పిల్లలతో పోయి రండి. పాత మనిషిని ఒకరిని వెంట తీసుకొని, కూలి మరచిపోకుండా ఇవ్వండి. పూలు కోయవద్దు, ఎండుగడ్డిలో అగ్గిపుల్ల వేయవద్దు. ఒక నోటుబుక్కులో ఒకవైపు తెలుగు పేరు, ఇంకొకవైపు కన్నడ పేరు వ్రాయించండి. మా పుస్తకంలో ఇప్పటికి పదకొండు చేరినవి. మీవి పంపితే ఈ పేజీలో వేస్తాము.