సరి–బేసికి ఒక్క పూటేనా?

చిన్న తరగతి పిల్లల నోటు పుస్తకం తెరిచి చూడండి. సరి, బేసి సంఖ్యలకు దక్కింది ఒక్క పేజీ. చివర 0, 2, 4, 6, 8 ఉంటే సరి, లేకుంటే బేసి అని బల్ల మీద రాస్తారు, పిల్లలు దించుకుంటారు, మర్నాడు పాఠం మారిపోతుంది. భీవండీ పక్కన కాల్హేర్‌లో సాయంత్రాలు నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలందరికీ ఈ ముక్క కంఠతా వచ్చు. 38 సరి అని తడుముకోకుండా చెబుతారు. ఎందుకంటే, చివర ఎనిమిది ఉంది కదా టీచర్ అంటారు. ఆ ఎనిమిది ఎందుకు సరి అయిందని అడిగితే మాత్రం నా మొహం చూస్తారు. ఇంత మంచి పాఠానికి ఇంత అన్యాయం జరుగుతుంటే అడిగేవాళ్లే లేరు.

నేను పిడికెడు చింతగింజలు పోసి జతలు కట్టమంటాను. అన్నీ జతపడితే సరి, ఒకటి మిగిలితే బేసి. తర్వాత ఏడు గింజల కుప్ప, అయిదు గింజల కుప్ప పెట్టి, రెండూ కలిపితే సరా బేసా, లెక్కపెట్టకుండా చెప్పమంటాను. కాసేపు ఎవరూ పలకరు. అంతలో ఒక పిల్ల ఈ కుప్పలో మిగిలిన గింజను ఆ కుప్పలో మిగిలినదాని పక్కన పెడుతుంది. ‘ఎన్ని గింజలైనా ఇంతే టీచర్’ అంటుంది. అది రుజువు! యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ తొమ్మిదో పుస్తకంలో ఇలాంటి కూడికల మీదే వరసగా సిద్ధాంతాలు రాశాడు. అంతకుముందు పైథాగరస్ శిష్యులు గులకరాళ్లు పేర్చి చూసుకున్నారు: 1కి 3 కలిపితే 4, దానికి 5 కలిపితే 9, ఆపైన 7 కలిపితే 16, అన్నీ వర్గాలే. ఆ గింజలే నేను తీస్తే, చదువు చెప్పమంటే ఆటలాడిస్తున్నావా అని తల్లులు కోప్పడతారు.

మన పెళ్లిలో చదివింపులు 116, 516, 1116. పక్కింటి మరాఠీవాళ్ల పెళ్లిలో కవరులో 51, 101, 501. మనవి సరి, వాళ్లవి బేసి. ఇవి సరో బేసో చూడమంటే, 1116ను జతలు కట్టడానికి అన్ని గింజలు ఎక్కడివని పిల్లల్లో ఒకడు అడిగాడు. చివరి అంకె సూత్రం చెప్పాల్సింది అప్పుడు. పదులు ఎన్ని ఉన్నా జతలుగానే సర్దుకుంటాయి, ఆ మిగిలిన 6 చూసుకుంటే చాలు. వాడు ఇక దాన్ని మరచిపోడు.

భీవండీ చుట్టుపక్కల ఈ పాఠాన్ని చిన్నచూపు చూడటం నాకు మరీ కష్టంగా ఉంటుంది. ఇక్కడ మన పద్మశాలీలకు కూడు పెడుతున్నది ఈ లెక్కే. సాదా నేతలో పడుగు పోగులు ఒకటి విడిచి ఒకటి లేస్తాయి. 1, 3, 5 పైకి లేస్తే 2, 4, 6 కిందికి దిగుతాయి, మధ్యలోంచి నాడె దూసుకుపోతుంది. మరుక్షణం ఇవి దిగి అవి లేస్తాయి. ఒక పోగు తెగిందా, దానికి అటూ ఇటూ ఉన్న రెండూ ఒకే వరసవి కాబట్టి కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. గుడ్డ మీద గీత పడుతుంది. అందుకే సాంచా, అంటే మరమగ్గం, ఆపి పోగు అతుకుతారు. పన్నెండు గంటల షిఫ్టులో కన్ను తిప్పకుండా ఈ పని చేసే తండ్రి, బిడ్డ మార్కులు చూసి, ‘మాకేమొస్తది మేడం, మేం చదువుకోలే’ అని నా ముందు తల దించుకుంటాడు. నువ్వు చేస్తున్నది లెక్కేనయ్యా అని ఆయనకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

బడులు నడిపేవాళ్లను అడుగుతున్నాను. ఈ పాఠానికి కనీసం రెండు వారాలు ఇవ్వండి. గింజలను తరగతిలోకి రానివ్వండి. ఒక రోజు సాంచా నడిపే తండ్రినో, కండెలు చుట్టే తల్లినో పిలిచి, కుర్చీ వేసి, పోగులు ఎలా లేస్తాయో పిల్లలకు వాళ్ల నోటితోనే చెప్పించండి. షిఫ్టు మారే వేళ చూసి పిలవండి, కూలి పోకుండా వస్తారు.