రాత వేరు, కారణం వేరు

వానాకాలం వచ్చిందంటే ముంబైలోని పాత చాల్‌లలో ఉండేవారికి గుబులే. ఎక్కడో ఒక భవనం కూలుతుంది. "పాపం, వాళ్లకు భూమ్మీద నూకలు చెల్లాయి" అని మనవాళ్లు నిట్టూరుస్తారు. పోయినవారి ఇంట ఆ మాట ఓదార్పు కావచ్చు. గోడ ఎందుకు కూలిందన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

2017 ఆగస్టు 31న మన కామాటిపురాకు దగ్గర్లోని భెండీబజార్‌లో హుస్సేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు. అది వందేళ్లు దాటిన కట్టడం. ప్రమాదకరమని మ్హాడా 2011లోనే ప్రకటించింది. ఆ పూట ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయటికి వెళ్లారన్నది రాత అనుకుందాం. ఆరేళ్ల తర్వాత కూడా అందులో మనుషులు ఉండాల్సి రావడం రాత కాదు.

కారణాలు మనకు తెలియనివి కావు. 1947 నాటి అద్దె చట్టం అద్దెలను 1940 స్థాయిలోనే ఆపేసింది. ఆ కాస్త అద్దెతో యజమానులు మరమ్మతులు మానేశారు. మరుగుదొడ్ల నీరు గోడల్లోకి దిగి దూలాలు పుచ్చాయి, ఇనుము తుప్పు పట్టింది. కింద దుకాణాల కోసం గోడలు తీశారు, పైన అటకలు వేశారు. ఖాళీ చేసి ట్రాన్సిట్ క్యాంపుకు వెళ్తే గది మళ్లీ దక్కదన్న భయం వీటన్నిటికీ తోడైంది. ఇందులో ఏదీ నుదుట రాసింది కాదు.

వర్లీ బీడీడీ చాల్‌లూ వందేళ్ల నాటివే. 2025 ఆగస్టులో అక్కడ 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలు అందాయి. వాళ్ల జాతకం మంచిదై కాదు, అవి ప్రభుత్వ భవనాలు కావడం వల్ల నిర్ణయం ఒకచోట జరిగింది. కామాటిపురాలో యజమానులు వందల మంది. మ్హాడా చేపట్టిన పునరాభివృద్ధికి అందరినీ ఒకచోటికి తేవాలి. ఆలస్యానికి అదొక కారణం. కారణం తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మనం సెస్ కడుతున్నాం కాబట్టి మరమ్మతు అడిగే హక్కు మనది. ఏటా వానలకు ముందు మ్హాడా ఇచ్చే ప్రమాదకర భవనాల జాబితా చూడండి. పగులు కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. అద్దె రసీదులు భద్రపరచండి.

ఈ నగరాన్ని కట్టిన కామాటీల వారసులం మనం. గోడ ఒరిగితే మేస్త్రీ దాని రాత అనడు, దారం పట్టి చూస్తాడు. మనమూ అదే చేయాలి.